పరీక్ష చొక్కా

ఆ రోజు పొద్దున కూడా అక్క పడకగది ఉత్తరపు గోడ మీద చెయ్యి పెట్టింది. జ్వరం వచ్చిన పిల్ల ఒంటి మీద వేసినట్టు అరచెయ్యి మొత్తం ఆనించి, కళ్లు మూసుకుని, ఒక్క క్షణం ఆగి, "పొడిగానే ఉంది," అంది.

చెల్లెలు మంచం మీద నుంచి లేవకుండానే అడిగింది. "టెంపరేచరు ఎంతుంది డాక్టరమ్మా?"

"నీకంటే నయం."

ప్రశ్నా పాతదే, జవాబూ పాతదే. ఆ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి ఆ రెండు మాటలూ అనుకోనిదే వాళ్లకు తెల్లవారినట్టు ఉండేది కాదు. అక్క చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్లి, గొడుగు మరచిపోయి తిరిగొచ్చి, "నువ్వైనా చెప్పొచ్చుగా" అని విసుక్కుని, గొడుగు తీసుకుని షాపుకు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం లోపే, పని బల్ల ముందు కూర్చున్న మనిషి కూర్చున్నచోటే కూలిపోయింది. గుండె అన్నారు. చేతిలో ఎవరిదో కోటు ఉందట. దాన్ని మెల్లగా విడిపించి హ్యాంగరుకు తగిలించి, ఆ తర్వాత చెల్లెలికి ఫోన్ చేశారు. గొడుగు ఆ బల్ల కిందే ఉండిపోయింది.

అక్క డ్రైక్లీనింగ్ షాపులో పనిచేసేది. మొదట్లో ఆవిరి ప్రెస్సు దగ్గర. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా కాలే బల్ల మీద కోట్లు, ప్యాంట్లు పరచడం, ఆవిరి వదలడం, తియ్యడం. ఏళ్ల తరబడి ఆ వేడిలోనే నిలబడింది. తర్వాత ఒకరోజు ఇంటికొచ్చి, "నన్ను చెకింగ్ బల్లకి మార్చారే, ఇక కూర్చుని పని," అని చెప్పింది. అది ప్రమోషన్ అనుకుని చెల్లెలు సంబరపడి ఐస్‌క్రీమ్ తెచ్చింది. అక్క దాన్ని కరిగిపోయేదాకా చేతిలో పట్టుకుని కూర్చుని, ఆ తర్వాత తాగింది.

చెకింగ్ బల్ల అంటే షాపుకు ముఖద్వారం. వచ్చిన ప్రతి బట్టనూ కస్టమరు ఎదుటే విప్పి, దీపం కింద పరిచి, ఉన్న మరకలన్నీ అతనికే చూపించాలి. "ఇది చూడండి, జేబు దగ్గర నూనె. ఇది మీ ఇంట్లో పడింది, మా దగ్గర కాదు. ఒప్పుకుంటేనే తీసుకుంటాను." కొందరు ఉడుక్కునేవారు. అక్క ఉడుక్కునేది కాదు. "ఇప్పుడు సిగ్గుపడితే పోయేదేం లేదండీ. రేపు తగాదా పడితే ఇద్దరికీ పోతుంది," అనేది.

ఆ షాపులో ఒక తెల్లచొక్కా ఉండేది. ఎవరో ఎప్పుడో వదిలేసి పోయింది. చంకలో చెమట పసుపు, జేబు లోపలి కుట్టు మీద సిరా, కాలరు మడతలో దాక్కున్న చిన్న చిరుగు, ఒక బొత్తానికి వేరే రంగు దారం. కొత్తగా పనికోసం వచ్చినవాళ్ల చేతికి ఆ చొక్కా ఇచ్చి, ఏమేమి ఉన్నాయో చెప్పమనేది అక్క. దాని పేరే పరీక్ష చొక్కా. దాన్ని పట్టుకుని ఎంతమంది చెమటలు కక్కారో, ఎవరు ఏమన్నారో సాయంత్రం కబుర్లలో అక్క చెబుతుంటే, గట్టిగా నవ్వకూడని చెల్లెలు ఊపిరి ఆడకుండా నవ్వేది.

నిజానికి చెల్లెలికి ఊపిరితోనే గొడవ. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. సన్నగా, ఎగశ్వాసతో తిరిగేది కాబట్టి అక్క 'పిచ్చుకా' అని పిలిచేది. అమ్మ పోయాక ఆ పిచ్చుకను పెంచింది అక్కే. చలిగాలి తగిలినా, దుమ్ము లేచినా ముందు అక్క ముఖం పాలిపోయేది. జ్వరమేమో అనుమానం వస్తే తన చెంప తెచ్చి చెల్లెలి నుదుటికి ఆనించేది. "చెయ్యి పెట్టి చూడొచ్చుగా, ఎప్పుడూ ముద్దులాటే," అని చెల్లెలు గింజుకునేది. పెద్దయి బస్సు డిపోలో టికెట్ల కౌంటరులో ఉద్యోగానికి చేరినా ఆ చెంప తప్పలేదు.

మేడ మీది అద్దె ఇంటికి మారినప్పుడు, ఇల్లు చూడటానికి వెళ్లింది అక్కే. గోడలన్నీ చేత్తో తడిమి చూశాననీ, ఎక్కడా చెమ్మ లేదనీ చెప్పింది. వానలు మొదలయ్యాయి. పడకగదిలో బీరువా వెనక గోడ ఎప్పుడు నల్లబడిందో ఎవరికీ తెలియదు. తెలిసేసరికి చెల్లెలు ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టుకుని ఉంది. "గోడలో తడి ఉందా ఇంట్లో?" అని డాక్టరు అడిగినప్పుడు అక్క ఒళ్లో పెట్టుకున్న తన రెండు చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది.

ఇంటికొచ్చాక ఒక్కటే మాట. "ఎంత చిన్నదైనా సొంత కొంప ఉండాలి. పొడి కొంప. ఈసారి నా చెయ్యి నమ్మను."

చెల్లెలి మంచం ముందుగదిలోకి మారింది. ఇళ్ల వేట మొదలైంది.

దొరికిన ఇల్లు ఒక సందు చివర ఉంది. రెండు గదులు, వంటిల్లు, వెనక రెండు మంచాలు పట్టేంత ఖాళీ. లోపలా బయటా కొత్త రంగు. చెల్లెలికి గుమ్మంలోనే నచ్చేసింది. కిటికీ తీస్తే నేరుగా ఆకాశం కనిపించింది. అక్క మాత్రం గది మధ్యలో నిలబడి, చుట్టూ చూసి, ముక్కుతో గాలి పీల్చి, ఇంకా కంగారు పడింది.

"ఇంత కొత్త రంగు ఎందుకేశారు?" అని అడిగింది.

ఇల్లు చూపించిన బ్రోకరు, మాట్లాడేటప్పుడు ఒక కన్ను సగం మూసే మనిషి, నవ్వాడు. "అమ్మే ఇల్లు కదమ్మా, ముస్తాబు చెయ్యరూ?"

"ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చిన బట్ట మేం పరీక్షించలేమయ్యా. మరక కనపడదు. పైన పటారం, లోన ఏముందో."

"మీకు అంత అనుమానమైతే ఇళ్లు పరీక్షించే ఇన్‌స్పెక్టరుకి చూపించుకోండి. లైసెన్సున్నవాడు, మనవాడే. రేపు పిలుస్తాను. కానీ ఆలస్యం చెయ్యకండమ్మా, ఇంకో పార్టీ తిరుగుతోంది."

"నీవాడైతే మావాడెలా అవుతాడు?" అంది అక్క. కానీ పిలవమంది.

అక్క ఇంటికొచ్చి, నీళ్లు తాగి, గ్లాసు చేతిలోంచి జారవిడిచి, కింద పడ్డ ముక్కలు ఏరుతూ అసలు విషయం చెప్పింది. కూడబెట్టిందంతా ఒక్కసారికే సరిపోతుంది. రెండోసారి తప్పు చెయ్యడానికి ఏమీ మిగలదు. ఆ కొత్త రంగు కింద ఇక్కడి గోడే ఉంటే, వానాకాలం వచ్చేసరికి ఇదే పిల్ల, అదే ఆసుపత్రి, అద్దె ఇల్లు కాదు కాబట్టి ఖాళీ చేసి పోవడానికి కూడా లేదు. ఇల్లు చూసేవాడు దొరకాలి. ఆ చూసేవాణ్ణి ముందు మనం చూడాలి.

"మనం ఎలా చూస్తాం? మనకేం తెలుసు ఇళ్ల గురించి?" అంది చెల్లెలు.

"ఈ ఇంటి గురించి తెలుసుగా."

చెల్లెలికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. బీరువా వెనక నల్లగోడ ఉంది. వంటింటి నేల ఒక మూలకు వాలు. స్నానాలగది స్విచ్చు ముట్టుకుంటే చిటుకుమంటుంది. కిటికీ చెక్క బయటికి బాగానే కనిపిస్తుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. ఆ ఇంటి రోగాలు వాళ్లిద్దరికీ కంఠతా వచ్చు. కొనబోయేది ఈ అద్దె ఇల్లేనని చెప్పి ముందు దీన్నే చూపిస్తుందట. ఇది పాసైనవాణ్ణే సందు చివరి ఇంటికి తీసుకెళ్తుందట.

"పరీక్ష చొక్కా," అంది చెల్లెలు.

"పరీక్ష చొక్కానే."

"ప్రతి ఒక్కడికీ ఫీజు ఇస్తూ పోతామా? ఉత్త దండగ."

"చేతులు కాలాక ఆకులు పట్టుకునేకంటే ఇదే చవక," అంది అక్క.

అక్క ఫోన్లో ఈ ఇంటి అడ్రసే ఇవ్వడంతో, బ్రోకరు మనిషి మెడలో మెరిసే కార్డు వేసుకుని మేడ మీదికే వచ్చాడు. ప్యాంటు మడత కత్తిలా ఉంది. తలుపు తట్టినట్టు గోడలను రెండు వేళ్లతో తట్టుకుంటూ, మధ్యలో ఫోన్లు మాట్లాడుతూ, ఇల్లంతా ఒక చుట్టు చుట్టాడు. బీరువా జోలికే పోలేదు. "బంగారం లాంటి ఇల్లండీ. కళ్లు మూసుకుని కొనెయ్యండి," అన్నాడు. చెల్లెలికి నవ్వొచ్చి దగ్గింది. దగ్గు ఆగక ముందుగదిలోకి వెళ్లిపోయింది.

అక్క అతని కార్డు వేపు చూసింది. "ఒకసారి ఇస్తారా? మా పనిలో తారీఖులు చూడటం అలవాటు." చూసి, "దీని గడువు పోయినేడే అయిపోయిందే?" అంది.

"రెన్యువల్‌కి పంపించానండీ."

"పంపిస్తే మీ మెళ్లో ఇదేమిటి?"

అతను కార్డు చొక్కా లోపలికి తోసుకుని మెట్లు దిగిపోయాడు. ఆ సాయంత్రమే బ్రోకరు ఫోన్ చేశాడు. ఇంకో పార్టీ ఇల్లు రెండుసార్లు చూసుకుని వెళ్లిందన్నాడు. ఫోన్ పెట్టేశాక అక్క అన్నం కలిపి, తినకుండా లేచింది.

రెండో మనిషిని చెల్లెలి డిపోలో ఎవరో చెప్పారు. చదువుంది, కార్డుంది, గడువు కూడా ఉంది. పెట్టెలో రకరకాల యంత్రాలు. అతను అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఇంట్లో చావు కబురు వచ్చినట్టే అయింది. స్తంభాలు పోయాయన్నాడు. శ్లాబు ఇవాళో రేపో అన్నాడు. వంటింటి వాలు కనిపెట్టాడు, స్విచ్చు కనిపెట్టాడు, కిటికీ కనిపెట్టాడు, బీరువా పక్కసందులోంచి టార్చి వేసి నల్లగోడ కూడా కనిపెట్టాడు. నిక్షేపంలా ఉన్న గుమ్మాన్ని కూడా చెద పట్టిందన్నాడు. వింటున్నకొద్దీ చెల్లెలికి గుండెలు బిగుసుకుపోయి, ఇన్‌హేలరు కోసం సంచి తడుముకోవలసి వచ్చింది.

"భయపడకండి. మా బావమరిది వాటర్‌ప్రూఫింగ్ చేస్తాడు. మొత్తం కొత్తదానిలా చేసిపెడతాడు," అన్నాడు.

అక్క తల ఊపింది. "చేశాక, బాగా చేశాడో లేదో ఎవరు చూస్తారు?"

"నేనే చూస్తానండీ, నేనుండగా మీకేం భయం?"

అతను వెళ్లాక తలుపు గడియ వేసి, అక్క ఆ తలుపుకే ఆనుకుని నిలబడింది. "ఒకడు మరక లేదంటాడు. ఒకడు బట్టంతా మరకే, మా సబ్బు కొనమంటాడు," అంది. బయట మబ్బు పట్టింది. ఇంకో పార్టీ, వాన, పిల్ల ఊపిరి, మూడూ ఒకదాన్నొకటి తరుముకొస్తున్నట్టు ఉంది ఆమెకు.

మూడో మనిషిని అక్కే పట్టుకొచ్చింది. ఎక్కడినుంచంటే, తన బల్ల మీద నుంచి. ఒక కస్టమరు ప్యాంట్లు నెలనెలా వచ్చేవి. రెండు మోకాళ్లూ మాసి, అరిగి ఉండేవి. చొక్కా కాలరుకు బూజు, భుజాల మీద సున్నపు పొడి, జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క. ఆయన పని ఏమిటని అడిగితే ఇళ్ల ఇన్‌స్పెక్టరు అని తెలిసింది.

"ప్యాంటు చూసి ఇన్‌స్పెక్టర్ని ఎంచుకునేది భూమ్మీద నువ్వొక్కదానివే," అంది చెల్లెలు.

"ఇల్లు నిజంగా చూసేవాడు మోకాళ్ల మీద పాకకుండా ఎలా చూస్తాడే? ఆ మొదటాయన ప్యాంటు మడత చూశావా? మా షాపుకి దండగ అలాంటివాళ్లు."

ఆయన వస్తూ భుజాన నిచ్చెన మోసుకొచ్చాడు. అందుకని ఆ ఇంట్లో ఆయన పేరు అప్పటి నుంచీ నిచ్చెనాయనే. అడక్కముందే కార్డు తీసి అక్క చేతిలో పెట్టాడు. ఎక్కడ చదివిందీ, ఎవరి కింద పనిచేసిందీ చెప్పాడు. "నేను రిపేర్లు చెయ్యను, చేసేవాళ్లని చెప్పను. చూడటం వరకే నా పని. మీరు కూడా నాతోపాటే తిరగాలి. కాగితం మీద రాసింది చదివితే చాలదు," అన్నాడు. మెట్ల దగ్గర మొదలుపెట్టి అంగుళం అంగుళం చూశాడు. కిటికీ చెక్కను వేలితో నొక్కాడు. స్విచ్చు విప్పించాడు. బీరువా ముందు ఆగి, "ఇది జరపాలి," అన్నాడు.

ముగ్గురూ కలిసి తోశారు. నల్లగోడ బయటపడింది. ఆయన చిన్న మీటరు ఒకటి ఆనించి చూసి, పక్కకు తప్పుకున్నాడు. "చెయ్యి పెట్టి చూడండమ్మా. మీకే తెలుస్తుంది."

అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది. "మీరే చెప్పండి. మీకు ఫీజు ఇచ్చేది అందుకేగా."

ఆయన ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, "తడి ఉందమ్మా. బాగా ఉంది," అన్నాడు.

వంటింటి పైకప్పు కింద చెక్కలు బిగించి ఉన్నాయి. నిచ్చెన ఎక్కి, సందు దొరకక, దిగాడు. "దీని వెనక నేను చూడలేదు. చూడనిదాన్ని బాగుందనీ అనను, బాగోలేదనీ అనను. చూడలేదనే రాస్తాను." అంతా అయిపోయిందని పెట్టె సర్దుకుంటుంటే, అక్క ఒక దారపురీలు తీసుకెళ్లి వంటింటి గుమ్మంలో నేలమీద పెట్టింది. అది తనంతట తనే దొర్లుకుంటూ మూలకు పోయింది. ఆయన ముఖం ఎర్రబడింది. మోకాళ్ల మీద కూర్చుని, వాలు చూపించే రసమట్టం తీసి పెట్టి, చాలాసేపు చూశాడు.

"తప్పిందమ్మా," అన్నాడు. "చూడాల్సింది, చూడలేదు."

ఆయన పెట్టె మూసేలోగా అక్క చెల్లెల్ని పక్కకు పిలిచి, "ఈయనే," అంది.

"వాలు రెండోవాడు కనిపెట్టాడు. ఈయన కనిపెట్టలేదు కదక్కా."

"చొక్కాలో ఎన్ని మరకలు దొరికాయని కాదే నేను చూసేది. దొరకనిది చూపించినప్పుడు ఏమంటారా అని. కొందరు అది మరకే కాదంటారు. కొందరు నేను ముందే చూశానంటారు. తప్పిందన్నవాణ్ణి నేనెప్పుడూ వెనక్కి పంపలేదు."

ఆయన్ని సాగనంపడానికి మెట్లు దిగింది. చెల్లెలు పైనుంచి చూస్తూనే ఉంది. మెట్ల మలుపులో ఇద్దరూ ఆగారు. కొనబోయే ఇల్లు ఇది కాదని చెప్పినట్టుంది, ఆయన నవ్వాడు. తర్వాత అక్క రెండు అరచేతులూ చాపి ఆయన ముందు పెట్టింది. ఆయన వంగి చూశాడు. అక్క ఏదో చెబుతోంది, మెల్లగా, చాలాసేపు. ఆయన నవ్వు ఆపేసి తల ఊపుతున్నాడు. ఫీజు తగ్గించమని బతిమాలుతోంది కాబోలు అనుకుంది చెల్లెలు.

పైకి రాగానే అడిగింది. "ఏమిటి, ఇంటి ఇన్‌స్పెక్టరుతో జాతకం చెప్పించుకున్నావా?"

"ఆఁ. గృహయోగం ఉందట," అంది అక్క.

యోగం అంత సులువుగా రాలేదు. సందు చివరి ఇంట్లో నిచ్చెనాయన పొద్దున్నే దిగాడు. ఇంటి ఓనరు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పై నుంచి కింద దాకా అంతా బాగానే నడిచింది. పడకగది ఉత్తరపు గోడ దగ్గరికి వచ్చేసరికి ఆయన మీటరు పెట్టి, తీసి, ఇంకోచోట పెట్టి, మళ్లీ మొదటిచోటే పెట్టాడు. అక్క గోడకేసి కాదు, ఆయన నోటికేసి చూస్తోంది.

"తడి ఉందమ్మా. కొత్త రంగు వేసింది ఇందుకే," అన్నాడు.

ఓనరు కుర్చీలోంచి లేచాడు. "నిన్న కడిగించాం, ఆ తడి."

"గోడ లోపల కూడా కడిగారా?" అన్నాడు నిచ్చెనాయన. నిచ్చెన వేసుకుని డాబా ఎక్కాడు. వానగొట్టంలో రెండు బకెట్ల నీళ్లు పోయించి, దిగొచ్చి, మళ్లీ మీటరు పెట్టాడు. "నేల నుంచి ఎక్కే తడి కాదు. గోడలోంచి పోయే వానగొట్టం పగిలింది. గోడ పగలగొట్టి గొట్టం మార్చి, బాగా ఆరనిస్తే ఈ ఇంటికి జబ్బు లేదు. మార్చకపోతే ఎన్ని రంగులేసినా ఇంతే. చెక్కలతో మూసేసిన వంటింటి అటక పైన మాత్రం నేను చూడలేదు, అది వేరే రాస్తాను."

"ఉన్నది ఉన్నట్టు ఇస్తాం. కావాలంటే తీసుకోండి, లేకపోతే ఇంకో పార్టీ ఉంది," అన్నాడు ఓనరు. బ్రోకరు ఈసారి రెండు కళ్లూ తెరిచాడు. "చిన్న చెమ్మకి ఇంత రాద్ధాంతమా అమ్మా? గోరంతని కొండంత చేస్తున్నారు."

"అయ్యా," అంది అక్క, "నా బల్ల మీదికి రోజూ వందమంది వస్తారు. మరక ఉందని చెప్పి ఇచ్చేవాడితో నాకెప్పుడూ తగాదా రాలేదు. గొట్టం మార్పించండి. ఆరాక ఈయన వచ్చి చూసి సరే అంటే ఆ రోజే సంతకం పెడతాను. లేదూ, ఆ పార్టీకే ఇచ్చుకోండి. కానీ ఈయన చెప్పింది వాళ్లకీ చెప్పండి."

అంత మాట అనేసి ఇంటికొచ్చాక మనిషి మనిషిలా లేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది, మోగకపోతే తీసి చూసేది. "పోగొట్టుకున్నామేమోనే పిచ్చుకా," అనేది. ఆ వెంటనే, "పోతే పోయింది, తడి కొంప," అనేది. అంతలోనే, "కిటికీలోంచి ఆకాశం బాగుంది కదా?" అని అడిగేది. వాన ఒక జల్లు కొట్టి వెళ్లింది. ముందుగదిలో కూడా చెల్లెలి దగ్గు మొదలైంది. అక్క గ్యాస్ మీది గిన్నెను గుడ్డ లేకుండా దించి, దాన్ని పట్టుకునే నిలబడిపోయింది. "కాలుతుందక్కా," అని చెల్లెలు అరిస్తే గానీ కింద పెట్టలేదు. "ప్రెస్సు చేతులే ఇవి, వీటికేం కాదు," అంది.

ఇంకో పార్టీ ఉందో లేదో దేవుడికే తెలియాలి. బ్రోకరే ఫోన్ చేశాడు. ఓనరు గోడ పగలగొట్టిస్తున్నాడన్నాడు. అటక చెక్కలు కూడా విప్పిస్తాడన్నాడు. గొట్టం మారింది. గోడ ఆరడానికి ఆరింది కాని, అక్క కుదురుగా కూర్చోవడానికి మాత్రం మంచి వాన ఒకటి కురవాల్సి వచ్చింది. అది కురిసిన మర్నాడు నిచ్చెనాయన వెళ్లి, అటక కూడా ఎక్కి చూసి, బూజుపట్టిన తలతో దిగొచ్చి, "పొడిగానే ఉందమ్మా," అన్నాడు. ఆ మాటను అక్క అలాగే ఎత్తుకుని దాచుకుంది. ఆ ఇల్లు కొని దిగిన మర్నాటి నుంచి ఆమె నోట్లోంచి ప్రతి ఉదయం వచ్చిన మాట అదే.

ఆ ఇంట్లోకి వచ్చాక చెల్లెలు మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కలేదు. మంచం ఉత్తరపు గోడ పక్కనే వేసుకుంది. అక్క పొద్దున లేచి గోడ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, ఆ మాట అనేదాకా పడుకునే ఉండేది. అది విన్నాక ఛాతీలో ఏదో వదులయ్యేది. మందుకంటే అదే బాగా పనిచేసేదని డిపోలో చెప్పి నవ్వించేది.

అక్క పోయాక వచ్చిన మొదటి వానాకాలంలో, ఒక తడి ఉదయాన, చెల్లెలు తనే లేచి గోడ మీద చెయ్యి పెట్టింది. చల్లగా తగిలింది. చల్లదనమో తడో తేల్చుకోలేకపోయింది. ఇంకోచోట పెట్టింది. అక్కడా అంతే. ఛాతీ బిగుసుకోవడం మొదలుపెట్టింది. అక్కకు రోజూ ఎలా తెలిసేదో అనుకుంటూ, ఫోన్లో 'నిచ్చెనాయన' అన్న నంబరు వెతికి నొక్కింది.

ఆయన వచ్చాడు. జుట్టు నెరిసింది, నిచ్చెన అదే. అక్క సంగతి విని నిచ్చెన గుమ్మంలోనే దించేశాడు. లోపలికి వచ్చి, ఎక్కడ చూడాలో అడక్కుండానే నేరుగా ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్లి మీటరు పెట్టాడు.

"పొడిగానే ఉందమ్మా," అన్నాడు. "వానలు పడ్డాయి కదా, ఆవిడ దగ్గర్నుంచి ఫోన్ రాలేదేమిటా అని అనుకుంటూనే ఉన్నాను."

"అక్క మీకు ఫోన్ చేసేదా?"

"ఏటా వానలు మొదలవగానే. మీరు డ్యూటీకి వెళ్లాక రమ్మనేవారు. చూసి చెప్పి వెళ్లేవాణ్ణి. ఏ సంవత్సరమూ తప్పలేదు."

"ఎందుకు? తను రోజూ చెయ్యి పెట్టి చూసేదిగా."

ఆయన మీటరు జేబులో పెట్టుకున్నాడు.

"ఆ చేతులకి తడీ పొడీ తెలియదు కదమ్మా. ప్రెస్సు దగ్గర చేసినప్పుడే రెండింటికీ స్పర్శ పోయింది. మొదటిరోజే మెట్ల మీద చూపించారు, అందుకే నా మాట మీద ఆధారపడాల్సి వస్తోందన్నారు. మీకు తెలుసనుకున్నాను," అన్నాడు.